వంటింట్లో పాత చెత్త యంత్రం: ఏళ్ల తరబడి వాడాక నా మాట

అమెరికాలో 1970ల నాటి ఇల్లు కొంటే, వంటింట్లో డిష్‌వాషర్ పక్కన 15 అంగుళాల వెడల్పున్న ఇంకో పెట్టె కనిపించవచ్చు. కింద కాలితో నొక్కే పెడల్, పైన ఒక నాబ్, దానికో తాళంచెవి ఉంటాయి. ఇల్లు చూడటానికి వచ్చిన మన వాళ్లు చాలామంది అదేదో చిన్న ఓవెన్ అనుకుంటారు. అది ట్రాష్ కంపాక్టర్, చెత్తను నొక్కి చిన్నది చేసే యంత్రం. మిషిగన్ రాష్ట్రంలో కలమజూ దగ్గర మేం కొన్న ఇంట్లో అలాంటిది ఒకటి ఉంది. పదేళ్లు దాటింది, ఇప్పటికీ వాడుతూనే ఉన్నాం. పాత ఇళ్లు కొన్న స్నేహితులు అప్పుడప్పుడూ ఫోన్ చేసి అడుగుతుంటారు, దీన్ని ఉంచాలా పీకించెయ్యాలా అని. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకన్నా ఒకచోట రాసిపెడితే మేలనిపించింది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇంట్లో ఇప్పటికే ఉండి, పనిచేస్తుంటే ఉంచుకోండి. కొత్తది కొనాలనుకుంటే మాత్రం ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. ఎందుకో కింద చెబుతాను.

ఇళ్లలో వాడే ఈ యంత్రాన్ని వర్ల్‌పూల్ కంపెనీ 1969లో 'ట్రాష్ మాషర్' అనే పేరుతో బజారులోకి తెచ్చింది. ఆ కంపెనీ పుట్టింది మా ఊరికి కారులో గంట దూరంలోనే, మిషిగన్ సరస్సు ఒడ్డున బెంటన్ హార్బర్ ప్రాంతంలో. 1911లో బట్టలుతికే యంత్రాలతో మొదలైంది. ట్రాష్ మాషర్ వచ్చాక మిగతా కంపెనీలు కూడా ఇలాంటివి చేశాయి. సియర్స్ దుకాణాల్లో కెన్‌మోర్ పేరుతో అమ్మేవారు.

అదే కాలంలో ఎందుకు వచ్చిందంటే, అంతకుముందు అమెరికాలో చాలా ఇళ్లలో చెత్తను పెరట్లోనే ఒక చిన్న కొలిమిలో కాల్చేసేవారు. పొగ భరించలేక లాస్ ఏంజెలస్ 1957లోనే ఆ పని నిషేధించింది. 1970లో క్లీన్ ఎయిర్ చట్టం వచ్చాక మిగతా చోట్ల కూడా కాల్చడం తగ్గుతూ వచ్చింది. సరిగ్గా ఆ రోజుల్లోనే తాగి పారేసే డబ్బాలు, దుకాణానికి తిరిగి ఇవ్వక్కర్లేని సీసాలు, ప్యాకెట్ల తిండి విపరీతంగా పెరిగాయి. చెత్త పెరిగింది, కాల్చే దారి మూసుకుపోయింది. నలుగురున్న ఇంట్లో వారం చెత్త ఒక్క సంచిలో పట్టేస్తుందని చెబితే జనానికి నచ్చడంలో ఆశ్చర్యం లేదు. ఈ యంత్రాలు ఆకుపచ్చ కాని ఆకుపచ్చ, పసుపు కాని పసుపు రంగుల్లో వచ్చేవి. అవకాడో గ్రీన్, హార్వెస్ట్ గోల్డ్ అనేవారు. ఫ్రిజ్, స్టవ్, ఇది, అన్నీ ఒకే రంగులో ఉండటం అప్పటి ముచ్చట. మాది హార్వెస్ట్ గోల్డ్. పేరు పలక ఎప్పుడో ఊడిపోయింది. ఫ్రిజ్, స్టవ్ మారిపోయాయి కాబట్టి ఇప్పుడు వంటింట్లో ఆ రంగు వస్తువు ఇదొక్కటే.

లోపల ఏముందో చెబితే గాని దీని మీద నాకెందుకు ఇంత ఇష్టమో అర్థం కాదు. ఇందులో మోటారు హార్స్‌పవర్‌లో మూడో వంతు, అంటే దాదాపు 250 వాట్లు. మన ఇళ్లలో 750 వాట్ల మిక్సీ మోటారు ఇంతకన్నా బలమైనది. ఆ చిన్న మోటారు ఒక చైనును తిప్పుతుంది, చైను రెండు పొడవాటి మరలను తిప్పుతుంది. ఆ మరల మీద నట్లతో పాటు కిందికి దిగే మందపాటి ఇనుప పలకే చెత్తను నొక్కుతుంది. జాకీతో ఒక్క మనిషి కారును ఎత్తినట్టే, మర సాయంతో ఈ మోటారు రెండు వేల పౌండ్లకు పైగా, అంటే దాదాపు టన్ను బలం పుట్టిస్తుంది. ఇక దిగడానికి వీల్లేని చోటికి పలక చేరాక మోటారు వేగం పడిపోతుంది. వేగం పడిందని మోటారులోని స్విచ్ పసిగట్టి దాన్ని వెనక్కి తిప్పుతుంది. పలక పైకి వెళ్లి అక్కడున్న మీటకు తగిలి ఆగుతుంది. మొత్తం ఒక నిమిషం పని.

సెన్సర్ లేదు, సర్క్యూట్ బోర్డు లేదు, యాప్ లేదు. ఏ భాగం ఏం చేస్తోందో కంటితో చూసి తెలుసుకోవచ్చు. మా ఇంట్లో తర్వాత కొన్న కొన్ని కొత్త వస్తువులు బోర్డు పోయి, దాని ధర వస్తువు ధరలో సగం అవడంతో చెత్తలోకి వెళ్లిపోయాయి. ఈ యాభై ఏళ్ల పెట్టె మాత్రం నడుస్తోంది. దీన్ని గీసిన ఇంజనీర్లు, బిగించిన కార్మికులు ఎవరో గాని వాళ్ల పని మీద నాకు నిజమైన గౌరవం ఉంది.

దాని చప్పుడు వేరు. మొదట ఒక ఊళ, తర్వాత అట్టపెట్టెలు నలిగే శబ్దం, మధ్యలో సీసా ఉంటే టప్పున పగలడం, చివర్లో మోటారు ముక్కి మూలిగి ఒక్క క్షణం ఆగడం, మళ్లీ హాయిగా పైకి వెళ్లడం. ఈ చప్పుడు ఇక్కడ ఒక తరం వాళ్లకు చిన్నతనాన్ని గుర్తుచేస్తుంది. ఒకసారి ఫ్రిజ్ బాగుచేయడానికి అరవై దాటిన మెకానిక్ ఒకాయన వచ్చాడు. పని ముగించి చేతులు తుడుచుకుంటూ ఇటు చూసి, "ఒక్కసారి నడపనా?" అని అడిగాడు. తాళంచెవి తిప్పి, అది కిందికి దిగి పైకి వచ్చేదాకా మాట్లాడకుండా నిలబడ్డాడు. వాళ్ల ఇంట్లో శనివారం పూట తాళంచెవి తిప్పే వంతు ఎవరిదని అన్నదమ్ములు కొట్టుకునేవాళ్లట. వాళ్ల నాన్న ఆ చెవిని తన కీచైన్‌కే పెట్టుకునేవాడట, పిల్లలు తెలియకుండా నడపకూడదని. ఆ ఇల్లు అమ్మేసి చాలా ఏళ్లయింది, ఆ చప్పుడు మళ్లీ వింటాననుకోలేదు అన్నాడు. మా వీధిలో ఉండే పెద్దావిడ కూడా దాదాపు ఇలాంటి సంగతే చెప్పింది. కొత్తగా వచ్చినప్పుడు దీన్ని చూడటానికే చుట్టుపక్కల ఇళ్లవాళ్లు కాఫీకి వచ్చేవారట.

మా ఇంట్లో ఇది లేపిన జ్ఞాపకాలు పూర్తిగా వేరు.

మా అమ్మది తెనాలి దగ్గర పల్లెటూరు. మొదటిసారి మా దగ్గరికి వచ్చినప్పుడు, ఏదో సాస్ అయిపోయిన సీసాను నేను ఈ యంత్రంలో చెత్త వేసే డ్రాయర్‌లో వేసి తాళంచెవి తిప్పాను. లోపల సీసా పగిలిన శబ్దం విని వంటగట్టు దగ్గర నుంచి గబగబా వచ్చింది. "అంత మంచి సీసా! మూత కూడా గట్టిగా ఉంది కదరా! చేతులారా పగలగొట్టుకోవడం ఏంటి నాన్నా?" అంది. కోపం కాదు, నిజంగానే బాధపడింది. ఆవిడ ఇంట్లో హార్లిక్స్ సీసాల్లో పోపుదినుసులు ఉండేవి, బోర్నవీటా డబ్బాల్లో చింతపండు ఉండేది. పాల ప్యాకెట్లు కడిగి, ఆరేసి, ఒకదాంట్లో ఒకటి మడిచి దాచేది. పేపర్లు పురికొసతో కట్టి అటక మీద పెట్టేది. పాత సామాన్లు కొనే అతను వస్తే తక్కెడ ముల్లు మీదే ఆవిడ చూపు. విరిగిన బకెట్టుకూ తుప్పు పట్టిన రేకుకూ ఉల్లిపాయలు ఇచ్చే బండి వస్తే ఇంకా సంబరం. కూరగాయల తొక్కులు గేదెకు పోయేవి. పేడ, బూడిద, ఊడ్చిన దుమ్ము పెంటకుప్పకు చేరేవి. ఎండాకాలంలో ఆ కుప్పను బండ్లకెత్తి పొలానికి తోలేవారు. ఆ ఇంట్లో ఈ యంత్రాన్ని పెట్టి ఉంటే అందులో వేయడానికి ఏమీ దొరికేది కాదు.

అమ్మ ఆర్నెల్లు ఉండి వెళ్లేలోపు మా వంటింటి పద్ధతి మార్చేసింది. సింకు కింద ఒక మూత బకెట్టు, తొక్కలకు. తలుపు వెనక ఒక సంచి, సీసాలకు, గట్టి డబ్బాలకు. ఆ రెండూ దాటి మిగిలినదే "మిషన్‌కు". పెరటి మూల ఒక గుంట తవ్వించింది. తొక్కలు, టీ పొడి, రాలిన ఆకులు అందులోకి. మిషిగన్‌లో మే నెల సగం దాటితే గాని మంచు భయం పోదు, ఉన్న నాలుగు నెలల్లోనే ఆ ఎరువుతో గోంగూర, బీర, సొర కాయించింది. మేం ఇప్పటికీ అదే నడుపుతున్నాం. ఇందులో సెంటిమెంట్ ఉంది, కాదనను. కానీ సమీక్షగా చూసినా ఇది ముఖ్యమైన విషయం. మా కంపాక్టర్ ఇన్నేళ్లు కంపు కొట్టకుండా ఉందంటే అమ్మ పెట్టిన పద్ధతి వల్లే.

ఎందుకంటే దీని అసలు బలహీనత తడి చెత్త. సంచి నిండటానికి వారం పైనే పడుతుంది. అన్నం, కూర, పండ్ల తొక్కలు అన్ని రోజులు గదిలో వెచ్చగా ఉంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. పైగా టన్ను బరువుతో పిండితే అందులోని నీరంతా బయటికి వచ్చి సంచి అడుగుకు చేరుతుంది. చేప శుభ్రం చేసిన రోజు ఆ పొట్టు ఇందులో వేస్తే మూడో రోజుకల్లా వంటింట్లో నిలబడలేం. కంపెనీలకు కూడా ఇది తెలుసు. పాత మోడళ్లలో డ్రాయర్ మూసినప్పుడల్లా వాసన మందు చిమ్మే ఏర్పాటు ఉండేది, తర్వాతి వాటిలో బొగ్గు ఫిల్టరు పెట్టారు. అవి కంపును కాస్త కప్పిపెడతాయి, అంతే. అమెరికన్ ఇళ్లలో సింకు కింద తిండి వ్యర్థాలను నూరే ఇన్‌సింకరేటర్ లాంటి యంత్రం ఉంటుంది కాబట్టి తడిది అటు, పొడిది ఇటు అన్న లెక్కతో ఈ జంట నడిచేది. ఆ నూరే యంత్రం లేనివాళ్లు గుంటో, కంపోస్టు డబ్బానో పెట్టుకోకుండా కంపాక్టర్ వాడొద్దని గట్టిగా చెబుతాను.

మరి మా దాంట్లో ఏం పడుతుంది? ఇండియన్ స్టోరు నుంచి తెచ్చిన పప్పు ప్యాకెట్లు, మురుకుల కవర్లు, నూనె అంటిన పేపర్ నాప్కిన్లు, రీసైక్లింగ్ వాళ్లు తీసుకోని పల్చటి ప్లాస్టిక్, థర్మోకోల్. థర్మోకోల్‌తో కొంచెం పేచీ ఉంటుంది, నొక్కి వదలగానే మళ్లీ ఉబ్బుతుంది. పలక కిందికి దిగి ఉన్నప్పుడే యంత్రాన్ని ఆపి, రాత్రంతా అలా వదిలేస్తే దారికి వస్తుంది. పొడి చెత్త మామూలుగా నాలుగో వంతుకు తగ్గుతుంది, మా ఇంట్లోనూ దాదాపు అంతే. గాజు, శుభ్రమైన కాగితం, అట్ట ఇప్పుడు ఇందులో వేయం. కలిపి నలిపేశాక వాటిని ఎవరూ విడదీయలేరు, రీసైక్లింగ్‌కు పనికిరాకుండా పోతాయి.

మిషిగన్‌లో ఉండేవాళ్లకు ఇంకో మాట. ఇక్కడ కూల్‌డ్రింకు, బీరు డబ్బాల మీద 10 సెంట్ల డిపాజిట్ ఉంటుంది. 1976లో జనం ఓటేసి తెచ్చుకున్న చట్టం, 1978 చివర్లో అమల్లోకి వచ్చింది. డబ్బా తిరిగి ఇస్తే ఆ 10 సెంట్లు ఇస్తారు, కానీ దుకాణంలోని యంత్రం డబ్బా మీద బార్‌కోడ్ చదవాలి. నలిగిన డబ్బాను అది తీసుకోదు. కంపాక్టర్ ఉంది కదా అని డబ్బాలు అందులో వేస్తే డబ్బులు నలిపి పారేసినట్టే. మా పిల్లలు ఈ డబ్బాలు ఏరి దుకాణానికి తీసుకెళ్లి ఆ చిల్లర దాచుకుంటారు. అది విని అమ్మ ఎంత సంతోషించిందో! అమెరికాలో కూడా పాత సామాన్లకు డబ్బులిస్తారన్నమాట, అంది.

జాగ్రత్తల విషయంలో మొహమాటం లేకుండా రాస్తాను. స్ప్రే డబ్బాలు, థిన్నర్, పెయింటు అంటిన గుడ్డలు ఇందులో వేయకూడదని మాన్యువల్‌లోనే ఉంటుంది. ఆ మాన్యువల్ రాసిన రోజుల్లో లేని ప్రమాదం ఇప్పుడు ఒకటి ఉంది, లిథియం బ్యాటరీ. ఈ రోజుల్లో బర్త్‌డే బొమ్మల్లో, వైర్లు లేని ఇయర్‌ఫోన్లలో, చేతిలో పట్టే చిన్న ఫ్యాన్లలో, అన్నిట్లో అదే. దాన్ని టన్ను బరువుతో నలిపితే మంట పుడుతుంది, పైగా చుట్టూ ఉన్నది కాగితం, ప్లాస్టిక్. అందుకే మా ఇంట్లో స్విచ్ ఉన్న ఏ వస్తువూ ఇందులో పడదు. చిన్నపిల్లలున్న ఇంట్లో తాళంచెవి నాబ్‌లో వదలొద్దు. డ్రాయర్ పూర్తిగా మూసుకోకపోతే మోటారు కదలదు, ఆ రక్షణ ఉంది. అయినా పాత స్విచ్‌ను నమ్ముకుని పిల్లల్ని దగ్గర వదలలేం.

నిర్వహణ పెద్ద పని కాదు. పలక దిగేటప్పుడు కీచుమని అరిచిందంటే మరలు ఎండాయని అర్థం. ప్లగ్ తీసి, పెట్టెను బయటికి లాగి, మరలకూ చైనుకూ గ్రీజు పెడితే చాలు. మరల కన్నా నట్లే ముందు అరుగుతాయి. మాకు ఒకసారి మార్చాల్సి వచ్చింది. వాడిన భాగాలు ఆన్‌లైన్‌లో దొరికాయి, శనివారం మధ్యాహ్నం నేనూ మా అబ్బాయీ కూర్చుని బిగించాం. ఇది బరువైన పెట్టె, ఒక్కరే లాగకండి. డ్రాయర్ వెనకాల పడిన కాగితం ముక్కలు, గాజు పెంకులు ఆర్నెల్లకోసారి తీయాలి. పలక అడుగున అంటుకున్న జిడ్డు తుడవకపోతే కంపు అక్కడి నుంచి కూడా వస్తుంది. తుడిచేటప్పుడు మందపాటి గ్లవ్స్ తప్పనిసరి, గాజు నూక కంటికి కనపడదు.

నిండిన సంచి పది పన్నెండు కిలోలు తూగుతుంది. డ్రాయర్ ఒక పక్క గోడ తెరుచుకుంటుంది కాబట్టి పైకి లాగే బాధ లేదు, పక్కకు జరిపి తీయొచ్చు. అయినా నడుం నొప్పి ఉన్నవాళ్లకు కష్టమే. మా అత్తగారు ఉన్నప్పుడు సగం నిండగానే మార్చేస్తాం.

ఇంత చేసి లాభమెంత? ఇక్కడ నిజం చెప్పాలి. చెత్త లారీ కూడా ఆ చెత్తను నొక్కుతుంది, డంపింగ్ యార్డులో దాని మీద పెద్ద రోలర్లు తిరుగుతాయి. కాబట్టి మనం ఇంట్లో నొక్కినంత మాత్రాన అక్కడ పెద్దగా చోటు మిగలదు. భూమికి మేలు అని ఎవరైనా చెబితే నమ్మకండి. లాభం మన ఇంటి వరకే. సంచికి ఇంత అని డబ్బు తీసుకునే ఊళ్లలో, చెత్తను సొంత కారులో మోసుకెళ్లి పడేయాల్సిన పల్లెల్లో నిజంగా కలిసొస్తుంది. మా దగ్గర చెత్త తీసుకెళ్లేవాళ్లు, మనం చెత్త వేసి రోడ్డు దాకా తోసుకెళ్లే చక్రాల డబ్బా, అంటే చెత్తబండి సైజును బట్టి నెలకు వసూలు చేస్తారు. మేం అన్నిటికన్నా చిన్న బండితో సరిపెట్టుకుంటున్నాం. చలికాలంలో గడ్డకట్టిన దారిలో చెత్తబండిని రోడ్డు దాకా తోసుకెళ్లే పని కూడా తగ్గింది. జనవరిలో ఇక్కడ ఉన్నవాళ్లకు ఆ విలువ తెలుస్తుంది. అయితే దీనికి వాడే ప్రత్యేక సంచుల ఖర్చు మామూలు వాటికి చాలా రెట్లు, మిగిలిన దాంట్లో కొంత అటు పోతుంది.

హైదరాబాద్‌లో ఉన్న మా తమ్ముడు ఫోటో చూసి, తమ అపార్ట్‌మెంట్‌లో ఇలాంటిది పెట్టించుకుంటే ఎలా ఉంటుందని అడిగాడు. వద్దన్నాను. మన ఇళ్లలో చెత్తలో ఎక్కువ భాగం తడిదే. మన దేశంలో చెత్త నిబంధనల ప్రకారం తడి, పొడి వేరుచేసి ఇవ్వాల్సిందే. వేరుచేశాక మిగిలిన పొడి చెత్తలో పనికొచ్చేదంతా ఏరుకుని బతికే మనుషులు ఉన్నారు. నలిపి ముద్దచేసి ఇస్తే వాళ్ల నోటి దగ్గర కూడు తీసినట్టే. అక్కడ కావాల్సింది రెండు బకెట్లు, అపార్ట్‌మెంట్‌కు ఒక కంపోస్టు గుంట.

పోయినేడాది వంటిల్లు కొత్తగా చేయించుకున్నప్పుడు కాంట్రాక్టరు దీన్ని తీసేసి ఆ 15 అంగుళాల్లో సొరుగులు పెడతానన్నాడు. మా ఆవిడ ఒప్పుకోలేదు. ముదురు పసుపు పెట్టె తెల్లటి అల్మారాల మధ్య కొంచెం ఎబ్బెట్టుగానే ఉంది. అయినా పని చేస్తున్న వస్తువును పీకి పారేయడం ఇద్దరికీ మనసొప్పలేదు.

మీ ఇంట్లో ఇలాంటిది ఉంటే ముందు ఖాళీగా ఒకసారి నడిపి పలక నిటారుగా దిగుతోందో లేదో చూడండి, ఒక పక్కకు వాలితే నట్టు అరిగినట్టు. తాళంచెవి లేకపోతే మోడల్ నంబరు డ్రాయర్ లోపలి అంచు మీద వెతికి, అది చెప్పి భాగాలు అమ్మేవాళ్లను అడగండి. సంచులు కొనేముందు మీది 12 అంగుళాలదా, 15 దా, 18 దా కొలుచుకోండి. సంచి పై అంచున ఉండే రంధ్రాలు డ్రాయర్ మూలల్లోని బొత్తాలకు తగలాలి. అవి సరిపోకపోతే మొదటి నొక్కుకే సంచి లోపలికి జారి, చెత్తంతా డ్రాయర్‌లో పడుతుంది.